చలికాలంలో పిరనీస్ కొండలు దాటేవాళ్లు లుసైదేలో ఒక రాత్రి ఆగండి

ఫ్రాన్స్‌లోని సాన్-జాన్-ప్యె-ద-పోర్ ఊరి నుంచి స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం శాంటియాగోకు కాలినడక యాత్ర మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. నవంబర్ 1 నుంచి మార్చి 31 వరకు కొండ మీది నెపోలియన్ దారి మూసేస్తారు. అప్పుడు లోయలోంచి వెళ్లే వాల్కార్లోస్ దారే దిక్కు. కింది దారి కదా, తేలిక అనుకుని చాలామంది ఒక్కరోజులో కొండలకు అవతల స్పెయిన్‌లో ఉన్న రోన్సెస్‌వాయెస్ చేరాలని చూస్తారు. దయచేసి అలా చేయకండి.

సగం దూరంలో, ఫ్రాన్స్ సరిహద్దు దాటగానే స్పెయిన్ వైపున్న బాస్క్ పల్లె లుసైదేలో రాత్రికి ఆగండి. బోర్డుల మీద వాల్కార్లోస్, లుసైదే అని రెండు పేర్లుంటాయి, టెన్షన్ పడొద్దు, రెండూ ఒకే ఊరు. అసలు ఎక్కుడు ఇక్కడి నుంచే. దాదాపు 12 కిలోమీటర్లలో సుమారు 700 మీటర్లు ఎక్కాలి, పైనున్న ఇబాన్యెటా కనుమ ఎత్తు 1,057 మీటర్లు. అడవి బాటలో రాలిన బీచ్ చెట్ల ఆకులు వానకు నాని సబ్బులా జారతాయి. చేతికర్ర లేకుండా అడుగు వేయకండి. కొన్నిచోట్ల తారురోడ్డు మీదే నడవాలి, అందుకని మెరిసే జాకెట్ వేసుకోండి. రొట్టె, నీళ్లు ఊళ్లోనే తీసుకోండి, పైన కొట్లు ఉండవు. చలికాలంలో బస ముందే ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

ఈస్టర్ ఆదివారం అక్కడ ఉండేలా చూసుకోగలిగితే మరీ మంచిది. రంగు రిబ్బన్లు కట్టుకుని ఊరివాళ్లు ఆడే బోలాంత్ నాట్యం ఆ వీధిలోనే చూడాలి.