దగ్గితే మూత్రం పడుతోంది, కెగెల్ చేసినా తగ్గట్లేదు

సమస్య: దగ్గినా తుమ్మినా బరువెత్తినా మూత్రం పడుతోంది. నెలల తరబడి కెగెల్ వ్యాయామాలు (మూత్రాన్ని ఆపే కటి అడుగు కండరాన్ని బిగించి వదలడం) చేస్తున్నా మార్పు లేదు.

ముందు ఒకటి తేల్చుకోండి. దగ్గిన క్షణంలోనే పడుతోందా, లేక ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వచ్చి బాత్రూమ్ చేరేలోపే పడుతోందా? రెండోది అయితే వైద్యం వేరు. ఇక్కడ చెప్పేది మొదటిదాని గురించి.

కారణం: చాలామంది కండరాన్ని పైకి లాగడం లేదు, కిందికి ముక్కుతున్నారు. నా దగ్గరికి వచ్చినావిడ ఐదు నెలలు రోజూ లెక్క రాసుకుని మరీ చేశారు. రెండుసార్లు వచ్చినా ఎలా చేస్తున్నారో నేను పరీక్షించలేదు, లెక్క చూసి నమ్మేశాను. మూడోసారి చూస్తే, బిగించమన్న ప్రతిసారీ ఊపిరి బిగబట్టి ముక్కుతున్నారు. ఏ దగ్గు వల్ల మూత్రం పడుతోందో, ఆ దగ్గు వేసే ఒత్తిడినే రోజూ తెచ్చుకుంటున్నారన్నమాట. ఆ ఐదు నెలలూ వృథా అయ్యాయని ఆవిడకి చెప్పడం నాకు చాలా కష్టమైంది. 1991లో వచ్చిన ఒక అధ్యయనంలో కూడా, నోటిమాటగా చెబితే విని చేసిన స్త్రీలలో సగం మందే సరిగ్గా చేయగలిగారు.

ఇలా చూసుకోండి: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, చిన్న అద్దం పట్టుకోండి. బిగించినప్పుడు యోనికీ మలద్వారానికీ మధ్య చర్మం లోపలికి, పైకి పోవాలి. బయటికి ఉబ్బిందంటే ముక్కుతున్నట్టే. శుభ్రమైన వేలు లోపల పెట్టినా తెలుస్తుంది: వేలి చుట్టూ బిగుసుకోవాలి, వేలిని బయటికి నెట్టకూడదు.

పరిష్కారం: గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు లోపలికి లాగండి. బయటికి వినపడేలా అంకెలు లెక్కపెడుతూ చేస్తే ఊపిరి ఆగదు, ముక్కడమూ కుదరదు. ఒక విడతకి కనీసం 8 సార్లు, రోజుకి 3 విడతలు, 3 నెలలు. సరిగ్గా కుదిరిన రోజు నుంచే ఈ 3 నెలలు లెక్కపెట్టండి. లాగాక పూర్తిగా వదలడం కూడా ముఖ్యమే. దగ్గు వస్తోందనిపించగానే ముందు బిగించి, ఆ తర్వాత దగ్గండి. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా చేయకండి.

మిగతావి: మలబద్ధకం, అధిక బరువు, మానని దగ్గు ఉంటే వాటి సంగతీ చూడాలి. రామిప్రిల్ లాంటి బీపీ మందు పొడిదగ్గు తెప్పించవచ్చు. మీరే మానేయకుండా డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి. వ్యాయామం చాలకపోతే యోని లోపల అమర్చే పెస్సరీ అనే చిన్న సాధనం ఉంది, దాని గురించి గైనకాలజిస్ట్‌ని అడగండి.

మూత్రంలో రక్తం పడినా, దగ్గుతో పనిలేకుండా ఎప్పుడూ కారుతూనే ఉన్నా ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోవద్దు, వెంటనే డాక్టర్‌కి చూపించండి.