పాత నైలాన్ 66 రైఫిల్ చేతికొచ్చిందా? ముందు ఆ ఆయిల్ డబ్బా పక్కన పెట్టండి

పాత రైఫిల్ చేతికి రాగానే మనోళ్ళు చేసే మొదటి పని ఆయిల్ బొటబొటా పోసేయడం, వేరే గన్నులకి చెల్లుతుందేమో గానీ రెమింగ్టన్ నైలాన్ 66కి మాత్రం అదే దరిద్రం. 1959లో ఇది వచ్చినప్పుడు రెమింగ్టన్ కంపెనీ డ్యూపాంట్ అనే కెమికల్ కంపెనీ చేతిలో ఉండేది, అందుకే చెక్క మానేసి డ్యూపాంట్ వాళ్ళ జైటెల్ అనే నైలాన్‌తోనే స్టాక్ (పట్టుకుని భుజానికి ఆనించే భాగం) చేశారు, స్టాక్ ఒక్కటే కాదు, లోపల బోల్ట్ (తూటాని ముందుకి నెట్టే ఇనప దిమ్మ) అటూ ఇటూ జారే దారి కూడా ఆ నైలానే. దాని మీద ఇనుము ఆయిల్ లేకుండానే హాయిగా జారుద్ది. ఆయిల్ పోస్తే ఇందులో వాడే .22 సైజు చిన్న తూటాల మసి దాంట్లో కలిసి నల్లటి జిగురు ముద్దవుద్ది, ఆ తర్వాత గన్ జామ్ అవుతోందని మనమే తిట్టుకుంటాం.

సరే, పనిలోకి దిగేముందు ఖాళీ చేయడం. గొట్టం ఎవరి వైపూ లేకుండా పెట్టి, బొటనవేలి దగ్గరుండే సేఫ్టీ వేసేయండి. మ్యాగజైన్ (తూటాలు నింపే చోటు) బట్ లోపల, అంటే భుజానికి ఆనే వెనక భాగంలో, ట్యూబులా ఉంటుంది, 14 తూటాలు పడతాయి, అది లాగేసి తూటాలన్నీ రాల్చేయండి. అక్కడితో అయిపోయిందనుకోకండి, ట్యూబ్ బయటికొచ్చినా చాంబర్‌లో, అంటే తూటా పేలే చోట, ఒకటి కూర్చునుండొచ్చు. బోల్ట్ నాలుగైదుసార్లు లాగి, టార్చ్ వేసి కళ్ళతో చూడండి.

బారెల్‌కి పొడుగు రాడ్డు కంటే పుల్‌త్రూ తాడు (చివర గుడ్డో బ్రష్షో ఉండి గొట్టంలోంచి లాగే తాడు) బెటర్. ఖాళీ తూటాలు ఎగిరే సందులోంచి తాడు దూర్చి ముందు నుంచి లాగేస్తే మురికి బయటికి పోద్ది, మెకానిజంలో పడదు. ఎక్కువ రుద్దక్కర్లేదు, .22 సీసం మెత్తగానే ఉంటుంది. పైన కనిపించే ఇనప కవర్‌కి మాత్రం పట్టుకున్న ప్రతిసారీ ఆయిల్ గుడ్డతో ఒక్క తుడుపు తుడవండి, చేతి చెమటకి వేలిముద్రల షేపులోనే తుప్పు పడుద్ది. నైలాన్ భాగానికి తడిగుడ్డ చాలు, ముందు భాగంలో ఉండే ఆ తెల్ల డైమండ్ గుర్తుల అంచుల్లో మురికుంటే పాత టూత్‌బ్రష్ వాడండి.

మొత్తం విప్పాలని దురద పుడుతుందా? వద్దు బాబోయ్. తప్పదంటే బోల్ట్ హ్యాండిల్ బయటికి లాగి, రెండు స్క్రూలు తీస్తే కవర్ పైకొస్తుంది, కానీ లేపేముందు కింద తెల్ల టవల్ పరవండి. నేను మొదటిసారి టవల్ లేకుండా లేపితే ఎజెక్టర్ (ఖాళీ తూటాని బయటికి తోసే చిన్న ముక్క) జారి ఎటో పోయింది, అరగంట నేల మీద పాకాను, చివరికి నా చొక్కా మడతలోనే దొరికింది 😅 ప్రతి స్టెప్పుకీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి, లేకపోతే తిరిగి పెట్టేటప్పుడు ఏడుపే.

ఇంకోటి, స్కోప్ (గురి చూసే దుర్బిణి) పెట్టుకునే గాడి ఉండేది ఆ పల్చటి రేకు కవర్ మీదే, బారెల్ మీద కాదు. కవర్ తీసి పెట్టారంటే గురి మారుతుంది, మళ్ళీ జీరో చేసుకోవాల్సిందే, అంటే స్కోప్ గురి సరిచేసుకోవాల్సిందే. నన్నడిగితే దీనికి స్కోపే వద్దు. గన్ బరువే 2 కిలోల లోపు, గన్‌తో పాటే వచ్చిన గురి చూసే సైట్లు చాలు, టామ్ ఫ్రై అనే షూటర్ 1959లో ఈ మోడల్‌తోనే గాల్లోకి ఎగరేసిన 1,00,010 చెక్కముక్కల్ని గురిపెడితే తప్పినవి 6.