పాలు మాన్పించేటప్పుడు మల్లెపూలు కట్టేవాళ్లకి

బిడ్డకి పాలు మాన్పిస్తుంటే రొమ్ములు గట్టిపడి సలుపుతాయి కదా, అప్పుడు పెద్దవాళ్లు మల్లెపూలు కట్టమంటారు, అది ఉత్త నమ్మకం కాదండీ. 1988లో వచ్చిన వెల్లూరు సీఎంసీ డాక్టర్ల స్టడీలో బాలింతలకి మల్లెపూలు, పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్రలు పోల్చి చూశారు, రెండింటితోనూ పాలు తగ్గాయి, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ మాత్రం మాత్రలతోనే ఎక్కువ పడిపోయింది.

చేసేదేంటంటే, ఇంట్లో పూసిన పూలైతే బెస్ట్, బజారువైతే మందు కొట్టి ఉంటారు కాబట్టి బాగా కడిగి, తడి ఆరాక, పల్చటి నూలు గుడ్డలో పరిచి బ్రా లోపల పెట్టుకోండి, వాడిపోయి గోధుమరంగు తిరిగితే తీసేసి కొత్తవి పెట్టండి. బిగించి మాత్రం కట్టొద్దు ప్లీజ్, పాలు లోపలే గడ్డకట్టి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఎర్రగా అయ్యి జ్వరం, చలి వస్తే పూలు పక్కన పెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దురద, దద్దుర్లు వచ్చినా తీసేయాలి.

ఇంకా పాలిస్తున్నవాళ్లు రొమ్ము మీద పెట్టుకోవద్దు, తల్లో పెట్టుకుంటే ఏం కాదు.

సెంటు సీసాల్లో అమ్మే జాస్మిన్ ఆయిల్ తాగకూడదు, ఒంటికి నేరుగా రాయకూడదు. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోండి, అక్కడ పెరళ్లలో పాకే పసుపు పూల కరోలినా జాస్మిన్ అసలు మల్లె జాతే కాదు, మొక్కంతా విషమే, పిల్లల్ని దాని దగ్గరికి పోనివ్వకండి.