మాయా వస్తువు ఆటగాళ్ల చేతికిచ్చే ముందు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలేస్తూ పాత్రలు పోషించే ఆట) ఐదో ఎడిషన్‌లో సొంతంగా మాయా వస్తువులు తయారుచేసే డంజన్ మాస్టర్లకు (ఆట నడిపేవాళ్లకు) ఈ జాగ్రత్తలు.

- ఏసీ (ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలాలంటే కొట్టేవాడు అందుకోవాల్సిన అంకె) పెంచే వస్తువైతే ముందు లెక్క వేయండి. ప్లేట్ కవచం 18, డాలు 2, మొత్తం 20. పాచిక అంకెకు 4 కలుపుకొని (+4) కొట్టే గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడికి డీ20 (ఇరవై ముఖాల పాచిక) మీద కనీసం 16 పడాలి, అంటే 25 శాతం అవకాశం. అదే +3 డాలు (మామూలు డాలు కంటే 3 ఎక్కువ) ఇస్తే 19 పడాలి, అవకాశం 10 శాతమే. ఆ ఒక్కడికి తగలాలని రాక్షసుల బలం పెంచారో, పక్కనున్న మాంత్రికుడు ఒక్క దెబ్బకే పడిపోతాడు.
- అట్యూన్‌మెంట్ (వస్తువు శక్తి వాడేందుకు పాత్ర దానితో వేసుకునే మాయా బంధం) కావాలో వద్దో రాసిపెట్టండి. ఒక్కో పాత్రకు ఒకేసారి అలాంటి బంధాలు మూడే. అక్కర్లేదంటే వస్తువు చేతులు మారుతూ ఆటగాళ్ల జట్టంతా వాడేస్తుంది.
- మంత్రదండానికి 7 ఛార్జీలు (వాడినప్పుడల్లా ఖర్చయ్యే శక్తి), తెల్లవారితే 1డీ6+1 (ఆరు ముఖాల పాచిక అంకెకు 1 కలిపి) తిరిగి రావడం సురక్షితమైన కొలత. "ఎన్నిసార్లైనా" అని రాయకండి.
- ఎగిరే శక్తినిచ్చే వస్తువు పాత్రలు 5వ లెవెల్‌కు చేరకముందు వద్దు. గోతులు, గోడలు, నదులు అన్నీ దండగైపోతాయి. తప్పదంటే రోజుకు 10 నిమిషాలు చాలు.
- ఉత్త +1 కత్తి ఎవరికీ గుర్తుండదు. నీళ్లు దగ్గరుంటే పిడి చల్లబడుతుందనండి, వాడుక ఆటగాళ్లే కనిపెడతారు. ఎవరైనా అబద్ధమాడితే మెరిసే కత్తి మాత్రం వద్దు, మీ మిస్టరీ అక్కడితో సరి!
- వస్తువులో శాపం పెడితే, దాన్ని వదిలించే రిమూవ్ కర్స్ మంత్రం అందే లెవెలేనా చూసుకోండి.