నాలుగు వారాల రోజువారీ రికార్డు: అందులోంచి మీ స్వభావాన్ని చదువుకునే పద్ధతి

నోట్‌బుక్ తెరవకముందే ఒక తెల్లకాగితం తీసుకుని, మీ గురించి మీరు గట్టిగా నమ్మే మాటలు పది రాయండి. "నాకు ఓపిక ఎక్కువ", "నలుగురిలో ఇట్టే కలిసిపోతాను" అని రాస్తే తర్వాత దేనితో సరిచూసుకోవాలో తెలీదు. లెక్కకు అందేలా ఉండాలి: "రోజుకి గంటకు మించి ఫోన్ చూడను", "వారానికి మూడుసార్లయినా అమ్మతో మాట్లాడతాను", "ఒప్పుకున్న పని ఆ రోజే చేసేస్తాను", "ఇంట్లో అరవడం నెలకి ఒకసారి, మహా అయితే రెండుసార్లు". తేదీ వేసి, కాగితం మడిచి పిన్ను కొట్టి దాచేయండి. నెల గడిచేదాకా ముట్టుకోవద్దు. ఈ పని మానేసి నేరుగా రాయడం మొదలుపెట్టినవాళ్ళు చివర్లో ఏ లెక్క తేలినా "ఇది నాకు ముందే తెలుసు" అనుకుంటారు. ముందు రాసిపెట్టిన కాగితం ఉంటే ఆ మాట అనడానికి వీలుండదు.

ఇక నోట్‌బుక్. 200 పేజీల లాంగ్‌బుక్ చాలు, చాలా మిగులుతుంది కూడా. పేజీని అడ్డంగా తిప్పి ఐదు గడులు గీయండి: సమయం, ఏం జరిగింది, ఎవరితో, ఏం అన్నాను, మనసు. చివరి గడిలో మైనస్ 2 నుంచి ప్లస్ 2 వరకు ఒక అంకె మాత్రమే వేయాలి. "ఏం జరిగింది" గడిలో కెమెరాకు కనిపించేదే రాయాలి. "ఆఫీసులో నన్ను చిన్నచూపు చూశారు" అన్నది తీర్పు. "మీటింగుకి పిలవలేదు" అన్నది జరిగింది. తీర్పులు రాసుకుంటూ పోతే నెలాఖరుకి మీకు ముందునుంచీ ఉన్న అభిప్రాయమే ముప్పై పేజీల్లో తిరిగి కనిపిస్తుంది.

భాష గురించి బెంగ వద్దు. విజయనగరంలోనే ఉండి వాడుక భాష కోసం పోరాడిన గురజాడ అప్పారావు (1862–1915) కూడా తన డైరీలను ఎక్కువగా ఇంగ్లీషులోనే రాసుకున్నారు. చేతికి ఏది ముందొస్తే అదే రాయండి. "తీవ్ర మనస్తాపానికి గురయ్యాను" కన్నా "ఏటో చిరాగ్గా ఉంది" అన్నదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

రాత్రి పడుకునే ముందు ఒక్కసారే రాద్దామని చాలామంది అనుకుంటారు. ఈ పద్ధతిలో ఎక్కువ మంది తప్పేది ఇక్కడే. మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, ఆయనతో పనిచేసినవారు చూపించినట్టు, ఒక అనుభవాన్ని తర్వాత తలచుకునేటప్పుడు అందులోని అత్యంత తీవ్రమైన క్షణం, ముగింపు, ఈ రెండే మిగతావాటిని మింగేస్తాయి. రాత్రి తొమ్మిదికి ఇంట్లో గొడవైతే మధ్యాహ్నం హాయిగా గడిచిన రెండు గంటలూ నోట్‌బుక్‌లోకి రావు. 1970లలో మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి బృందం మనుషులకు పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా అప్పుడు ఏం చేస్తున్నారో రాయించింది. మన చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఐదు అలారాలు పెడితే సరిపోతుంది. గంట కొట్టినట్టు 10, 12, 2 అని కాకుండా 8:10, 11:35, 2:20 అంటూ ఎగుడుదిగుడుగా పెట్టి, వారానికోసారి మార్చండి. విజయనగరం నుంచి విశాఖకు రోజూ రైల్లో వెళ్ళొచ్చేవాళ్ళయితే రెండు అలారాలు ప్రయాణంలోనే పడిపోకుండా చూసుకోండి. లేకపోతే మీ స్వభావం బదులు రైలు రద్దీ లెక్క తేలుతుంది. మోగిన వెంటనే రాయడం కుదరకపోతే వాట్సాప్‌లో మీకు మీరే ముప్పై సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టుకుని సాయంత్రం నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. పక్కవాళ్ళ మాటలు వాళ్ళకు చెప్పకుండా రికార్డు చేయొద్దు. ఇది మీ రికార్డు, వాళ్ళది కాదు.

శ్రీకాకుళంలో ఉద్యోగం చేసే ఒక తల్లి పేజీ ఇలా ఉంటుందనుకోండి:

8:10 – కాంప్లెక్స్‌లో బస్సు కోసం. వదిన ఫోన్, ఆదివారం అరసవల్లి వెళ్దాం, నువ్వూ రా అంది. "సరే వదినా" అన్నాను. −1
11:35 – ఆఫీసు. ఒక్కదాన్నే. పాత ఫైలు పూర్తయింది. +1
2:20 – క్యారేజీలు. నలుగురం. +1
5:05 – పక్క సీటాయన తన స్టేట్‌మెంట్ నన్ను చేయమన్నారు. "పర్లేదండి, ఇలా ఇవ్వండి" అన్నాను. −2
9:15 – ఇల్లు. బాబు హోంవర్క్. అరిచాను. −2

రాత్రి మాత్రమే రాసి ఉంటే ఈ పేజీలో "బాబు మీద అరిచాను" అన్న ఒక్క మాటే ఉండేది. ఆమె తేల్చుకునేది "నాకు కోపం ఎక్కువ" అని. ఐదు నమోదులూ పక్కపక్కన పెడితే వరస కనిపిస్తుంది: ఇష్టం లేకుండా రెండుసార్లు ఒప్పుకుంది, రెండుసార్లూ మనసు కిందికి పోయింది, చివరికి ఆ భారం ఎదురు చెప్పలేని పిల్లాడి మీద పడింది. అయితే ఇది ఒక్క రోజు. ఇదే వరస నెలలో ఆరేడుసార్లు వస్తేనే స్వభావం అనాలి.

ఎందుకంటే మనిషి రోజురోజుకీ, గంటగంటకీ మారుతూనే ఉంటాడు. మనస్తత్వవేత్త విలియం ఫ్లీసన్ 2001లో ప్రచురించిన పరిశోధన దీన్నే చూపించింది: ఒకే మనిషి ఒక వారంలోనే కాసేపు వాగుడుకాయలా, కాసేపు మౌనిలా ఉంటాడు, కానీ అన్నిటి సగటు తీస్తే అది వారానికీ వారానికీ పెద్దగా మారదు. మనకు కావాల్సింది ఆ సగటు. నాలుగు వారాలకు 140 నమోదులు రావాలి. మొదటి వారం 35 తీసేయండి, ఎవరో చూస్తున్నట్టు ఆ వారం అందరూ కాస్త బుద్ధిగా ఉంటారు. మిగిలిన 105లో కనీసం 70 నిండకపోతే ఇంకో వారం పొడిగించండి.

ఏ నెల మొదలుపెట్టాలన్నదీ ముఖ్యమే. హైదరాబాదు, చెన్నైల నుంచి అందరూ దిగే సంక్రాంతి, దసరా వెళ్ళాక వచ్చే మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం, పొలం ఉన్నవాళ్ళకు నాట్ల రోజులు, ఇవి తగలకుండా చూసుకోండి. ఇంటినిండా చుట్టాలున్న వారంలో మీరు చిరాకుపడితే అది వంటింటి పని లెక్క. ఆస్పత్రిలో ఎవరినైనా చూసుకుంటున్న నెలలోనూ అంతే, ఆ రికార్డు మీ పరిస్థితిని చెబుతుంది తప్ప మిమ్మల్ని కాదు.

లెక్క తీసేటప్పుడు పెన్సిలుతో గుర్తులు పెట్టండి. ఒంటరిగా ఉన్న నమోదుకి "ఒ", మనుషులతో ఉన్నదానికి "మ". రెండింటికీ మనసు అంకెల సగటు విడివిడిగా తీయండి. తేడా అర కంటే తక్కువైతే వదిలేయండి. "మ" సగటు బాగా తక్కువ వచ్చినా "నేను ఏకాంత జీవిని" అని తొందరపడొద్దు, అంకెలు పడిపోయింది అందరితోనా, ఆ ఇద్దరితోనేనా చూడండి. ఇద్దరితోనే అయితే అది ఆ ఇద్దరి సంగతి. తర్వాత మైనస్ 2 పడిన ప్రతిచోటా, మళ్ళీ సున్నాకి రావడానికి ఎన్ని అలారాలు పట్టిందో లెక్కపెట్టండి. ఆ సాయంత్రమే తేరుకునేవారికీ మర్నాడు మధ్యాహ్నం దాకా మోసేవారికీ స్వభావంలో నిజమైన తేడా ఉంది. కోపం ఎన్నిసార్లు వచ్చిందన్నదాని కన్నా ఇదే ఎక్కువ చెబుతుంది. "సరే", "పర్లేదు" అన్నచోట్ల మనసు మైనస్‌లో ఉన్నవి ఒక వరసగా, "రేపు చూద్దాం" అన్నవి ఇంకో వరసగా రాయండి. కొత్త దారి, కొత్త వంట, కొత్త మనిషి ఎన్నిసార్లు వచ్చాయో చూడండి. ఖాళీ గడులనూ చదవాలి. అలారం మోగినా రాయనివి ఎక్కువగా ఒకే వేళ, ఒకే మనిషి దగ్గర ఉంటే, మీరు చూడకూడదనుకుంటున్నది అక్కడే ఉంది.

నోట్‌బుక్‌కి సాక్షులు ఫోన్‌లోనే ఉంటారు. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే స్క్రీన్ టైమ్, రోజుకి ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారన్నదీ కనిపిస్తాయి. అది చాలా రోజుల వెనక్కి వెళ్ళదు కాబట్టి ప్రతి ఆదివారం నోట్ చేసుకోండి. కాల్ లిస్టులో మీరు చేసినవీ మీకు వచ్చినవీ విడదీసి చూడండి. ఫోన్‌పే చరిత్రలో మొత్తం కన్నా వేళ ముఖ్యం: రాత్రి పదిన్నర తర్వాతి ఖర్చులు మైనస్ రోజుల్లోనే పడ్డాయా?

మనిషి సాక్ష్యమూ కావాలి. మనస్తత్వవేత్త సిమీన్ వజీర్ 2010 పరిశోధన ప్రకారం లోపలి ఆందోళన వంటివి మనకే బాగా తెలుస్తాయి, తెలివీ సృజనా వంటి, మనకు గొప్పగానో తక్కువగానో తోచే గుణాలను మాత్రం దగ్గరి స్నేహితులే మనకన్నా సరిగ్గా అంచనా వేస్తారు. కానీ "నేనెలాంటిదాన్ని?" అని అడిగితే మన ఊళ్ళలో వచ్చే జవాబు "నీకేటమ్మా, బంగారానివి" అనే. "గత నెలలో నేను ఎక్కువసార్లు ఏం చేశాను? ఏ మాట ఎక్కువ అన్నాను?" అని అడగండి, చెబుతారు.

చిన్న ఇంట్లో నోట్‌బుక్ అత్తయ్య చేతికో అన్నయ్య చేతికో చిక్కుతుందన్న భయం ఉంటే రాత అందంగా మారిపోతుంది, పనికిరాదు. పేర్ల బదులు అంకెలు వాడండి. ఇంకొకటి: పాత గాయాల గురించి మనసు విప్పి రాయడం వేరే పద్ధతి. 1986లో ప్రచురించిన పరిశోధనలో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్ చేయించింది అది, రోజుకి 15 నిమిషాలు, వరసగా నాలుగు రోజులు. దాన్ని ఈ గడుల్లోకి తేవద్దు. రెండు వారాలు దాటినా అంకెలు అడుగునే ఉండి నిద్ర, తిండి దెబ్బతింటే రాయడం ఆపి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం.

పిన్ను కొట్టిన కాగితం తీసి, పది మాటల పక్కనా అసలు అంకె వేయండి. అన్నిటికన్నా ఎక్కువ తేడా వచ్చిన మాట ఒక్కదాన్నే పట్టుకోండి. రెండో నెల ఐదు గడులు వద్దు, దానికి ఒక్క గడి చాలు. పైన చెప్పిన తల్లి అయితే "సరే" బదులు "సాయంత్రం చెప్తాను" అన్న రోజుల్లో 9:15 అంకె ఎలా ఉందో మాత్రం చూసుకోవాలి. మళ్ళీ పూర్తి రికార్డు రాయాలనుకుంటే వచ్చే ఏడాది ఇదే నెలలో రాయండి. ఎండాకాలం పేజీని వానాకాలం పేజీతో పోలిస్తే తేడా మీదో, ఋతువుదో తేలదు.