క్రిస్మస్ ఆరాధన ఇంటి నుంచి చూసేవారికి: సమస్య - పరిష్కారం

డిసెంబరు 24 రాత్రి గుడి మెట్లు ఎక్కలేనివారు నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ప్రతి వీధిలోనూ ఉంటారు. మోకాళ్ళు సహకరించని పెద్దమ్మ, ఆ ఉదయమే ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన నాన్న, బాలింతగా ఉన్న చెల్లెలు ఆరాధనను ఫోనులోనో టీవీలోనో చూస్తారు. మా సంఘంలో మైకుల శబ్దాన్ని సరిచేసే మిక్సరు దగ్గర కూర్చునేవాణ్ణి నేనే కాబట్టి, ఆ రాత్రి వచ్చే ఫిర్యాదులన్నీ నా ఫోనుకే చేరతాయి. దాదాపు అందరూ "నెట్ బాగాలేదు" అనే మొదలుపెడతారు గాని, వివరాలు అడిగితే చాలా ఫిర్యాదులకు నెట్‌తో సంబంధమే ఉండదు.

అందువల్ల ఏ సెట్టింగునూ ముట్టుకోక ముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. అదే ఫోనులో మరో వీడియో సాఫీగా నడుస్తోందా? ఇదే ప్రసారాన్ని చూస్తున్న మరో ఇంట్లో కూడా ఇదే లోపం ఉందా? మరో వీడియో కూడా తడబడితే లోపం మీ ఇంట్లోనో, మీ ఇంటికి వచ్చే తీగలోనో ఉంది. మరో వీడియో బాగా నడుస్తూ, రెండో ఇంట్లోనూ ఆరాధన చెడిపోయి వస్తుంటే లోపం గుడిలో ఉంది. అప్పుడు రౌటరును ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం ఉండదు.

చెప్పిన వేళకు తెరిస్తే ఏమీ రావడం లేదు

కారణం చాలాసార్లు గడియారమే. మన గుడిలో 25వ తేదీ తెల్లవారుజామున 5 గంటలకు ఆరాధన మొదలైతే, కువైట్‌లో పనిచేస్తున్న కూతురికి అప్పుడు రాత్రి 2:30. డాలస్‌లో ఉన్న కొడుక్కి 24వ తేదీ సాయంత్రం 5:30. "25న ఉదయం చూడు" అని మెసేజ్ పెడితే డాలస్ అబ్బాయి ఆరాధన ముగిసిన పన్నెండు గంటలకు తీరిగ్గా తెరుస్తాడు. తేదీని, వేళను కాక లింకునే ముందుగా పంపడం మంచిది. యూట్యూబ్‌లో ముందే నిర్ణయించి పెట్టిన ప్రసారమైతే ఆ పేజీ చూసేవారి ఊరి వేళనే చూపిస్తుంది.

ఇక్కడి నుంచి బయటి ఆరాధనలు చూసేవారికీ ఇదే చిక్కు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ ప్రార్థనాలయంలో 1918 నుంచి జరుగుతున్న తొమ్మిది పాఠాల, క్యారల్స్ ఆరాధన 24న అక్కడి మధ్యాహ్నం 3 గంటలకు మొదలవుతుంది. ఎండాకాలపు అలవాటు కొద్దీ నాలుగున్నర గంటలు కలిపి 7:30కి తెరిచేవారు గంటసేపు ఖాళీగా కూర్చుంటారు. చలికాలంలో కలపవలసింది ఐదున్నర గంటలు, అంటే మనకు రాత్రి 8:30. రోముకు చలికాలంలో నాలుగున్నర గంటలు కలపాలి. అక్కడ రాత్రి 10 గంటలకు పూజ అంటే ఇక్కడ తెల్లవారుజామున 2:30; మర్నాడు మధ్యాహ్నం 12 గంటలకు పోపుగారు ఇచ్చే ఆశీర్వాదం మనకు సాయంత్రం 4:30కి వస్తుంది. రాత్రిపూజ వేళ అన్ని సంవత్సరాలూ ఒకటే కాదు కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోవాలి.

వేళ సరిగ్గానే ఉన్నా "మీ దేశంలో అందుబాటులో లేదు" అని వస్తే అది హక్కుల సంగతి. బీబీసీ టీవీలో వచ్చే కింగ్స్ కాలేజీ క్యారల్స్ కార్యక్రమం ముందుగా రికార్డు చేసినది, వారి టీవీ వేదిక బ్రిటన్‌లో ఉన్నవారికే తెరుచుకుంటుంది. మనకు 24 రాత్రి ప్రత్యక్షంగా వచ్చే ఆరాధన మాత్రం రేడియోలో వస్తుంది. బీబీసీ వరల్డ్ సర్వీస్‌లో వినవచ్చు. బొమ్మ లేదన్న లోటు నాకెప్పుడూ తోచలేదు. ఆరాధన క్రమమంతా ఆ కాలేజీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, దానిని ముందే దించుకుని చేతిలో పెట్టుకుంటే చాలు. అన్నట్టు ఆ ఆరాధన ఒకే బాలుడు వాద్యం లేకుండా పాడే చరణంతో మొదలవుతుంది. శబ్దం రావడం లేదనుకుని వాల్యూం పూర్తిగా పెంచినవారికి, రెండు నిమిషాల తర్వాత ఆర్గన్ అందుకున్నప్పుడు గుండె గుభేలుమంటుంది.

చక్రం తిరుగుతూ ఉంది, పాట ముక్కలవుతోంది

ఇది నిజంగా నెట్ సమస్యే. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున వచ్చే ప్రసారం గంటకు 450 ఎంబీ తీసుకుంటుంది. రెండున్నర గంటల ఆరాధనకు 1.1 జీబీ దాటుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకు వేసుకున్నవారు పొద్దుటినుంచి వాట్సాప్‌లో శుభాకాంక్షల వీడియోలు చూసి ఉంటే, సరిగ్గా వాక్యం చెప్పే వేళకు డేటా అయిపోయి వేగం పడిపోతుంది. నాణ్యతను "ఆటో"లో వదలకుండా 360పికి దించండి. బొమ్మ కాస్త మసకబారుతుంది గాని పాట నాణ్యత దాదాపు తగ్గదు. క్వాయర్ (పాటల బృందం) వినడానికి కూర్చున్నవారు ముందు వదులుకోవలసింది బొమ్మనే.

వైఫై గుర్తు నిండుగా ఉన్నా ఏమీ తెరుచుకోకపోతే ఫైబరు పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న దీపం చూడండి. అది ఎర్రగా వెలిగితే తీగ ఎక్కడో తెగింది లేదా మరీ వంగింది. మన తీరంలో డిసెంబరు తుపాన్ల నెల కూడా. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. గాలివానలకు స్తంభాల మీది తీగలు తెగడం మామూలే కాబట్టి కేబుల్ అతనికి ఫోను చేసి, ఈలోగా మొబైల్ హాట్‌స్పాట్‌తో సరిపెట్టుకోవాలి. కరెంటు పోయి వచ్చాక పాత టీవీలో యాప్ ఏదీ తెరుచుకోకపోతే దాని తేదీ చూడండి. తేదీ తప్పితే భద్రతా పరీక్షలో అది నిలవదు, సరిచేస్తే చాలు.

ప్రసంగం స్పష్టంగా ఉంది, పాట మాత్రం నీళ్ళలో మునిగినట్టుంది

జూమ్‌లో ఆరాధన జరిపే సంఘాల్లో ఇది తప్పనిసరిగా ఎదురవుతుంది. మాటను శుభ్రపరచడానికి పెట్టిన ఏర్పాటు, ఆగకుండా సాగే స్వరాన్ని ఫ్యాను మోత వంటి రొదగా ఎంచి అణచివేస్తుంది. అందుకే హార్మోనియం శ్రుతి వచ్చి పోతుంటుంది, చరణం చివర సాగదీసిన స్వరం మాయమవుతుంది. వినేవారి చేతిలో దీనికి మందు లేదు. పంపేవారు తమ ఆడియో సెట్టింగులలో సంగీతకారుల కోసం ఉన్న "ఒరిజినల్ సౌండ్"ను తెరవాలి, రొద తగ్గించే ఏర్పాటును ఆపాలి. జూమ్‌లో అందరం కలిసి పాడదామన్న ఆశ కూడా వదులుకోవాలి. ఒక్కొక్కరి గొంతు ఒక్కొక్క ఆలస్యంతో చేరుతుంది కనుక పల్లవి దగ్గరే పాట చెదిరిపోతుంది. ఒకరే పాడాలి, మిగిలినవారు మైకు మూసుకుని తమ ఇంట్లో అందుకోవాలి. సరిగ్గా 40 నిమిషాలకు సమావేశం మూసుకుపోతే అది లోపం కాదు, ఉచిత ఖాతా పరిమితి.

కీబోర్డు, తబలా మోగిపోతున్నాయి, క్వాయర్ ఎక్కడో దూరంగా ఉంది

గుడిలో కూర్చున్నవారికి క్వాయర్ గొంతు నేరుగా గాలిలో చేరుతుంది కాబట్టి మిక్సరులో దానిని పెంచవలసిన అవసరం రాదు. ప్రసారానికి వెళ్ళేది మాత్రం మిక్సరులో ఉన్నదే. ఇరవై మంది పాడుతున్నా, వారి ముందు మైకు లేకపోతే, ఇంట్లో వినబడేది పుల్పిట్ (ప్రసంగ వేదిక) మైకులోకి పక్కగా జారిన శబ్దమే. క్వాయర్‌కు ఎదురుగా, తలల ఎత్తుకు కాస్త పైగా రెండు మైకులు పెట్టి, ప్రసారానికి వేరే మిక్స్ ఇవ్వడమే పరిష్కారం. ఈ మాట పండుగ రాత్రి కాక, క్యారల్స్ సాధన జరిగే రోజుల్లోనే పాస్టరు గారికి చెప్పాలి.

ఫోను స్పీకరులో మాట దాదాపు లేదు, ఇయర్‌ఫోన్లలో మాత్రం ఉంది

అన్నిటికంటే నన్ను తికమకపెట్టినది ఇదే. ఒక ఏడు మా పెద్దమ్మ "అబ్బాయా, పాస్టరు గారు నోరు కదుపుతున్నారు గాని మాట్లాడటం లేదు" అని ఫోను చేసింది. నా హెడ్‌ఫోన్లలో అంతా బాగానే ఉంది, కాకపోతే శబ్దం తలకు రెండు పక్కలా విడిపోయినట్టు కాస్త డొల్లగా ఉంది. తప్పు నాదే. మిక్సరు నుంచి వచ్చే పెద్ద కేబుల్‌లో ఒకే సిగ్నల్ రెండు తీగలలో వెళ్తుంది, రెండోది మొదటిదానికి తలకిందులుగా ఉంటుంది. ఆ కేబుల్‌ను స్టీరియో ఇన్‌పుట్‌లోకి అలాగే గుచ్చితే ఒక తీగ ఎడమ చెవికి, తలకిందుల తీగ కుడి చెవికి చేరతాయి. ఒకే స్పీకరున్న ఫోను ఆ రెంటినీ కలిపినప్పుడు ఒకటి మరొకదానిని కొట్టేస్తుంది. ఇయర్‌ఫోన్లలో అవి కలవవు కనుక వినబడుతుంది.

గుడిలో సరైన కేబుల్‌తో ఒకే సిగ్నల్‌ను రెండు వైపులకూ పంచితే ఇది పోతుంది. అంతవరకు ఇంట్లో ఇయర్‌ఫోను పెట్టుకోవాలి, ఒక చెవిలో పెట్టుకున్నా సరిపోతుంది. ఫోను సెట్టింగులలో "మోనో ఆడియో" తెరిచి ఉంటే తప్పకుండా ఆపాలి. వినికిడి తగ్గినవారి ఫోన్లలో దానిని మనమే తెరిచి మరిచిపోతుంటాం. టీవీలో అయితే బ్యాలెన్స్‌ను పూర్తిగా ఎడమకు జరపండి.

పెదవులు ముందు కదిలి, మాట తర్వాత వస్తోంది

బ్లూటూత్ స్పీకరు తీసేసి తీగ ఉన్న స్పీకరుతో చూడండి. అప్పుడూ అలాగే ఉంటే గుడిలో కెమెరా, శబ్దం వేర్వేరు దారుల్లో వెళ్తున్నాయని అర్థం.

మధ్యలో ప్రసారం ఆగింది, లేదా మర్నాటి వీడియోలో పాటలకు శబ్దం లేదు

పాత క్యారల్ రాగం ఎవరి సొత్తూ కాకపోయినా, దాని రికార్డింగు ఒక కంపెనీ సొత్తు కావచ్చు. పిల్లల నాటికకో డ్యాన్సుకో పెట్టిన ట్రాకును యూట్యూబ్ యంత్రం గుర్తుపడితే ప్రసారం నిలిచిపోవచ్చు, రికార్డులో ఆ భాగం మూగబోవచ్చు. ప్రసారమయ్యే భాగాల్లో ట్రాకులు వాడకుండా పాడి వినిపించడమే మేలు. సొంతగా పాడిన పాటకే అభ్యంతరం వస్తే ఛానల్ నడిపేవారు యూట్యూబ్‌లోనే అభ్యంతరానికి జవాబు పెట్టవచ్చు.

సంఘం పేరుతో రెండు లైవ్‌లు కనబడుతున్నాయి, ఒకదానిలో కానుక కోసం క్యూఆర్ కోడ్ ఉంది

గత ఏటి వీడియోను లైవ్‌గా తిప్పి డబ్బు దండుకునేవారు ఉన్నారు. సంఘ పెద్దలు వాట్సాప్ గ్రూపులో పంపిన లింకునే తెరవాలి. స్కాన్ చేసినప్పుడు వచ్చే ఖాతా పేరు సంఘానిది కాకపోతే ఆపి, ఒక పెద్దకు ఫోను చేయాలి.

తర్వాత చూద్దామంటే వీడియో లేదు

24 సాయంత్రం క్యారల్స్‌కు తెరిచిన ప్రసారాన్ని 25 ఆరాధన ముగిసేదాకా ఆపకుండా ఉంచడం వల్ల ఇలా జరుగుతుంది. 12 గంటలు దాటిన లైవ్‌ను యూట్యూబ్ దాచి ఉంచదు. ఒక్కొక్క ఆరాధనకు వేరే ప్రసారం పెట్టాలి. ఫేస్‌బుక్‌లో అయితే 2025 ఫిబ్రవరి నుంచి లైవ్ వీడియోలు 30 రోజులే ఉంటున్నాయి. జనవరి 20 లోపే దించుకుని, పెద్దమ్మ ఫోనులో వేసి ఇవ్వండి.