జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్తే ముందు గోడ చూడండి

మా చెల్లెలి కూతురిది మేనరికం. కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో తనకీ, అబ్బాయికీ ఇద్దరికీ తలసీమియా మైనర్ అని తేలింది, అంటే ఆ రక్తజబ్బు జన్యువు మోస్తున్నారు గానీ అసలు జబ్బు లేదు. అలాంటప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకి మేజర్, అంటే తరచూ రక్తం ఎక్కించాల్సిన అసలు జబ్బు, వచ్చే అవకాశం నాలుగోవంతు. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ టెన్షన్‌లో విశాఖలోనే ఒకచోట ‘జెనెటిక్ కౌన్సెలింగ్’ (వంశపారంపర్య జబ్బుల మీద సలహా) అని బోర్డు కనబడగానే లోపలికి వెళ్లిపోయాం. అక్కడాయన అరగంటసేపు ప్యాకేజీల గురించే చెప్పాడు. అడ్వాన్సు కట్టేశాం. ఆయన ల్యాబ్ మార్కెటింగ్ మనిషని తర్వాత తెలిసింది.

డబ్బు వెనక్కి అడగడానికి వెళ్లిన రోజు గోడ మీద ఫ్రేమ్ చూశాను, క్యాలెండర్ చాటున ఉంది. గర్భస్థ పరీక్షల కోసం కౌన్సెలింగ్ చేసే చోటుకి 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (గర్భస్థ లింగ నిర్ధారణని నిషేధించేది) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సర్టిఫికెట్‌నే ఫారం బీ అంటారు, అందరికీ కనబడేలా పెట్టాలి. అందులో కౌన్సెలింగ్ సెంటర్, ల్యాబొరేటరీ, క్లినిక్, అల్ట్రాసౌండ్ అని వరసగా అచ్చువేసి, వర్తించనివి కొట్టేస్తారు. అక్కడ అల్ట్రాసౌండ్ తప్ప అన్నీ కొట్టేసి ఉన్నాయి! మీరు కూడా ఏది మిగిలిందో వేలు పెట్టి చదవండి. గడువు తేదీ కూడా చూడండి, రిజిస్ట్రేషన్ ఐదేళ్లకే ఇస్తారు.

తర్వాత మనిషి. “మీరేం చదివారండీ?” అని అడగడం మర్యాద తప్పడం కాదు. కౌన్సెలింగ్ సెంటర్‌లో మెడికల్ జెనెటిసిస్ట్ గానీ, జెనెటిక్ కౌన్సెలింగ్‌లో శిక్షణో అనుభవమో ఉన్న గైనకాలజిస్టు లేదా పిల్లల డాక్టరు గానీ ఉండాలని నిబంధన.

డాక్టరైతే చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంటుంది. అక్కడ పేరుతో వెతక్కండి, ఒకే పేరుతో బోలెడుమంది వస్తారు. నంబరు కొట్టి, రాష్ట్ర కౌన్సిల్ ఎంచుకోండి. మా చీటీ మీద స్టాంపు అలికిపోయి చివరి అంకె మూడో ఎనిమిదో తెలియలేదు. రిసెప్షన్‌లో అడిగితే రాసిచ్చారు.

తేడా కనబడితే సెంటర్ మీద డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యారోగ్య అధికారి) ఆఫీసులో, డాక్టరు మీద ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రసీదులు పారేయకండి. కానీ ఫిర్యాదు కోసం పరీక్ష వాయిదా వేయకండి, మాయ ముక్క తీసి చేసే పరీక్షకి సాధారణంగా 11 నుంచి 14 వారాల మధ్యే వీలు.

ఆ పరీక్షకి ముందు దుష్ప్రభావాలన్నీ వివరించి, గర్భిణికి అర్థమయ్యే భాషలో రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి, కాపీ ఆమెకివ్వాలి. ఇదీ చట్టమే. రెండోసారి వెళ్లిన చోట మా పిల్ల ఇంగ్లీషు కాగితం పక్కన పెట్టి తెలుగుది అడిగింది. తెచ్చారు. ఒక్కో లైనూ పైకి చదివి, రెండు ప్రశ్నలడిగి, అప్పుడు సంతకం పెట్టింది.